కవూర్ మంత్రి

పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున ఇటలీ ఒకే దేశముగా లేదు. అది అనేక చిన్న రాజ్యములుగా చీలి ఉండెను. ఉత్తరమున లొంబార్డీ, వెనీషియా ప్రాంతములు ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండెను. మధ్యభాగమున రోము పరిసరములను పోపు పాలించుచుండెను. దక్షిణమున నేపిల్సు రాజ్యమును, వాయవ్యమున పీడ్మాంటు రాజ్యమును కలవు. ఈ రాజ్యములను ఒక్కటి చేయుటకు పాటుపడిన వారిలో కవూర్ ముఖ్యుడు.

కమిల్లో కవూర్ 1810 ఆగస్టు 10వ తేదీన పీడ్మాంటు రాజధాని అయిన ట్యూరిను నగరమున ఒక ప్రభువంశమున జన్మించెను. సైనిక విద్యాలయమున చదివి, కొంతకాలము సైన్యమున ఇంజనీరుగా పనిచేసి, 1831లో ఆ కొలువు విడిచెను. పిమ్మట తన కుటుంబపు పొలములలో నూతన పద్ధతులతో సేద్యము చేయించెను. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములకు పోయి అచ్చటి రైలుమార్గములను, పరిశ్రమలను, శాసనసభలను పరిశీలించెను. 1852లో పీడ్మాంటు ప్రధానమంత్రి అయ్యెను.

అంతకుముందు 1848, 1849 సంవత్సరములలో పీడ్మాంటు ఆస్ట్రియాతో పోరాడి ఓడిపోయెను. బలవంతుని తోడు లేక జయము కలుగదని కవూర్ గ్రహించెను. 1855లో క్రిమియా యుద్ధమున ఇంగ్లండు, ఫ్రాన్సులకు సాయముగా సైన్యమును పంపి, వారి స్నేహమును సంపాదించెను.

1858 జూలైలో కవూర్ విశ్రాంతి నెపమున స్విట్జర్లాండు మీదుగా ఫ్రాన్సులోని ప్లాంబియేర్ అను చిన్న పట్టణము చేరెను. అచ్చట ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను అతనికై వేచి ఉండెను. ఈ సమావేశమును చక్రవర్తి తన విదేశాంగమంత్రికి సైతము తెలియకుండ ఏర్పాటు చేసెను. వారిరువురు మొదట గదిలోను, తరువాత చక్రవర్తి స్వయముగా తోలిన బండిలోను గంటల తరబడి మాటలాడిరి. ఆస్ట్రియాయే ముందుగా కయ్యమునకు దిగినట్లు లోకమునకు కనిపించవలెను. అప్పుడు ఫ్రాన్సు 2 లక్షల సైన్యముతో సాయపడవలెను. ఉత్తర ఇటలీ అంతయు పీడ్మాంటు రాజునకు చెందవలెను. ప్రతిఫలముగా సవాయ్ ప్రాంతమును ఫ్రాన్సునకు ఇయ్యవలెను. పీడ్మాంటు రాజకుమారి క్లొతిల్డాను చక్రవర్తి దాయాదికి ఇచ్చి వివాహము చేయవలెను. ఆమె వయస్సు 15 ఏండ్లు. వరునికి 36 ఏండ్లు. 1859 జనవరిలో ఈ ఒప్పందము రహస్య సంధిగా వ్రాయబడెను. నీస్ పట్టణము కూడ అందులో చేర్చబడెను. ఆ నెలలోనే వివాహమును జరిగెను.

1859 ఏప్రిల్‌లో, పీడ్మాంటు తన సైన్యమును తగ్గింపవలెనని ఆస్ట్రియా గడువు విధించెను. కవూర్ నిరాకరించెను, యుద్ధము మొదలయ్యెను. మజెంటా, సోల్ఫెరీనో క్షేత్రములలో మిత్రపక్షము గెలిచెను. జూన్ 24వ తేదీన సోల్ఫెరీనోలో వేలకొలది సైనికులు కూలిరి. ఆ క్షతగాత్రుల దుస్థితిని కన్నులార చూచిన స్విట్జర్లాండు దేశీయుడు హెన్రీ డ్యూనాంట్ ప్రయత్నము వలననే, 1863లో రెడ్‌క్రాస్ సంస్థకు అంకురార్పణ జరిగెను.

ఇంతలో నెపోలియను మనసు మారెను. జూలై 11వ తేదీన కవూర్‌తో సంప్రదింపకయే ఆస్ట్రియాతో విరామసంధి చేసికొనెను. లొంబార్డీ మాత్రమే దక్కెను. వెనీషియా ఆస్ట్రియాకే మిగిలెను. రహస్యముగా ఇచ్చిన మాటను తప్పినవానిని బహిరంగముగా నిలదీయుట ఎట్లు? కవూర్ మిక్కిలి క్రుంగి పదవిని విడిచెను.

1860 జనవరిలో అతడు మరల ప్రధాని అయ్యెను. మధ్య ఇటలీ ప్రజలు పీడ్మాంటుతో కలియ నిశ్చయించిరి. దానికి చక్రవర్తి సమ్మతి కావలసివచ్చెను. మార్చి 24వ తేదీన సవాయ్, నీస్‌లను ఫ్రాన్సునకు ఇచ్చుచు సంధి జరిగెను. అచ్చటి ప్రజల అభిప్రాయమును ఓట్ల ద్వారా అడిగినది ఆ తరువాతనే. మహావీరుడు గారిబాల్డీ జన్మస్థలము నీస్. తనను సొంతగడ్డపై పరదేశిని చేసినాడని అతడు కవూర్‌పై ఆగ్రహించెను. అయినను అదే సంవత్సరమున తన అనుచరులతో సిసిలీని, నేపిల్సును జయించి పీడ్మాంటు రాజునకు అప్పగించెను.

1861 మార్చి 17వ తేదీన ఇటలీ రాజ్యము ప్రకటింపబడెను. కవూర్ దానికి తొలి ప్రధానమంత్రి. అదే సంవత్సరము జూన్ 6వ తేదీన, 51వ ఏడు నిండకమునుపే, అతడు మరణించెను. వెనీషియా 1866లోను, రోము 1870లోను ఇటలీలో చేరెను.

బాలబాలికలారా! కవూర్ దేశభక్తి కొనియాడదగినది. తనకొరకు అతడు ఏమియు కోరలేదు. అయినను అతని రహస్య సంధికి వెల చెల్లించినవారు ఎవరు? రాజకుమారి క్లొతిల్డా, నీస్ ప్రజలు, సోల్ఫెరీనోలో కూలిన సైనికులు. వీరిలో ఒక్కరును ప్లాంబియేర్ గదిలో లేరు. పదిమంది బ్రతుకులను మార్చు నిర్ణయము ఆ పదిమంది ఎరుకతో జరుగుట న్యాయము. గొప్పవారి జీవితములను చదువునపుడు వారు సాధించిన ఫలమును, దానికి ఇతరులు చెల్లించిన మూల్యమును కూడ తూచి చూడవలెను.