వనపర్తి నుంచి ఆక్రా దాకా: రాజా రామేశ్వరరావు

స్కూల్లో నా ఇంగ్లీష్ రీడర్ పేరు గుల్‌మొహర్. అట్ట మీద ఓరియంట్ బ్లాక్‌స్వాన్ అని ఉండేది. అది లండన్ కంపెనీ అనుకునేదాన్ని. పోయిన సెలవుల్లో పాత పుస్తకాలు సర్దుతుంటే లోపలి పేజీలో అడ్రస్ చూశా. హిమాయత్‌నగర్, హైదరాబాద్! దాని వెనకాల ఎవరున్నారా అని వెతికితే వనపర్తి తేలింది.

జనుంపల్లి రామేశ్వరరావు 1923లో పుట్టారు. వనపర్తి సంస్థానం వారసుడు. గద్వాల, జటప్రోలు లాగే వనపర్తి కూడా నిజాం కింద ఉన్న సంస్థానం. ఆయన యువకుడిగా ఉండగానే హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది, సంస్థానాల కాలం అయిపోయింది. ఆయన భారత విదేశాంగ శాఖలో చేరి ఆఫ్రికాకు వెళ్లారు. మొదట నైరోబీ, తర్వాత ఆక్రా. గోల్డ్ కోస్ట్ అప్పటికింకా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. 1957లో అది ఘనా అయింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇదే వనపర్తి రాజుల దగ్గర ఆఫ్రికన్ గుర్రపు దళం ఉండేది. తర్వాత ఆ సైనికులు నిజాం దగ్గరికి పోయారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేరు వాళ్ల నుంచి వచ్చిందే, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. పూర్వీకులు ఆఫ్రికా మనుషుల్ని కాపలాకు పెట్టుకుంటే, ఈయన స్వతంత్ర దేశం తరఫున ఆ ఖండానికే ఉద్యోగానికి వెళ్లారు.

తిరిగొచ్చాక 1957లో మహబూబ్‌నగర్ నుంచి, 1962లో గద్వాల నుంచి లోక్‌సభకు గెలిచారు. కానీ నాకు ఎక్కువ నచ్చింది ఆయన పుస్తకాల పని.

లాంగ్‌మన్ అనేది 1724లో లండన్‌లో మొదలైన ప్రచురణ సంస్థ. మన దగ్గర దాని కంపెనీ ఓరియంట్ లాంగ్‌మన్స్ 1948లో ఏర్పడింది. 1960ల చివర్లో దాని పగ్గాలు రామేశ్వరరావు చేతికి వచ్చాయి. అది ఈజీ టైమ్ కాదు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలర్ 4.76 రూపాయల నుంచి 7.50 అయింది. బయటి నుంచి తెప్పించే పుస్తకం రేటు ఒక్కసారిగా పెరిగిపోయింది. రేటు ఒక్కటే కాదు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బోర్డు, ఒక్కో సిలబస్, ఒక్కో భాష. మంచు ఎప్పుడూ చూడని పిల్లకి మంచు పాఠం పెడితే ఏం అర్థమవుతుంది? పేరు లండన్‌దే ఉన్నా, పాఠం ఇక్కడి వాళ్లే రాయాలి, ఇక్కడే అచ్చు వేయాలి, ఇక్కడి రేటుకే అమ్మాలి. గుల్‌మొహర్ అలా వచ్చిన రీడరే. మన వీధిలో పూసే ఎర్ర పూల చెట్టు పేరు.

ఆయన భార్య శాంతా రామేశ్వరరావు గారు రచయిత్రి. 1961లో హైదరాబాద్‌లో విద్యారణ్య స్కూల్ మొదలుపెట్టారు. ఇంట్లో ఒకరు బడి నడిపితే, ఒకరు బడి పుస్తకాలు వేశారు.

ఆయన 1998లో చనిపోయారు. పదేళ్లకు, 2008లో, కంపెనీ లాంగ్‌మన్ పేరు వదిలేసి బ్లాక్‌స్వాన్ అయింది. పేరు పోయినా కంపెనీ నిలబడింది.

రాజు కాబట్టి చేయగలిగాడు అని మా ఫ్రెండ్ అంది. నిజమే. ఆ సంపద పాలమూరు రైతులు కట్టిన శిస్తు నుంచే వచ్చింది, అది మర్చిపోకూడదు. అదే పాలమూరు నుంచి ఎంతోమంది వలస పోయి దేశమంతా కాలువలు తవ్వారు, బిల్డింగులు కట్టారు.

వనపర్తి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ డిప్లొమా చేసి, లేటరల్ ఎంట్రీలో మన దగ్గరికి వచ్చినవాళ్లు మన క్లాసులోనే ఉన్నారు. రేపు మనలో చాలామందిమి గచ్చిబౌలిలో ఏదో విదేశీ కంపెనీ బ్రాంచ్‌లో కూర్చుంటాం. ఏం తయారు చేయాలో రాత్రి కాల్‌లో అక్కడివాళ్లు చెప్తారు, పొద్దున మనం చేస్తాం. యాభై ఏళ్ల కిందటే మన జిల్లా మనిషి ఒకాయన అట్లాంటి బ్రాంచ్‌లో నిర్ణయం తీసుకునే కుర్చీని ఇక్కడికి తెచ్చుకున్నాడు. ప్లేస్‌మెంట్ ఫారం నింపేటప్పుడు నాకు ఆ కుర్చీయే గుర్తొస్తోంది.