శిలాజాలను చదివిన శాస్త్రవేత్త – బీర్బల్ సాహ్ని

భూమిపై జీవం ఆవిర్భవించి దాదాపు 350 కోట్ల సంవత్సరాలు గడిచాయి. ఈ సుదీర్ఘ చరిత్రకు లిఖిత ఆధారాలు లేవు. మట్టిపొరల్లో కూరుకుపోయి రాళ్ళుగా మారిన ఆకులు, కాండాలు, గింజలు, ఎముకలే దానికి సాక్ష్యాలు. భారతదేశంలో వృక్షశిలాజాల అధ్యయనానికి జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు ఆచార్య బీర్బల్ సాహ్ని.

సాహ్ని 1891 నవంబరు 14న, నేడు పాకిస్థాన్‌లో ఉన్న భేరాలో జన్మించారు. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరులో రసాయనశాస్త్ర ఆచార్యులు. లాహోరులో పట్టభద్రులైన బీర్బల్ 1911లో కేంబ్రిడ్జి చేరి, ఆచార్య సీవర్డ్ వద్ద పురావృక్షశాస్త్రంలో పరిశోధన చేశారు. 1919లో స్వదేశానికి తిరిగివచ్చారు. 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులై, జీవితాంతం అక్కడే పనిచేశారు.

నేటి జార్ఖండ్‌లోని రాజమహల్ కొండలు ఆయనకు ప్రధాన పరిశోధనక్షేత్రం. అక్కడి లావా పొరల నడుమ పది కోట్ల సంవత్సరాలకు పైబడిన వృక్షశిలాజాలున్నాయి. శిలాజంగా మారిన మొక్క సంపూర్ణంగా లభించడం అరుదు. కాండం ఒకచోట, ఆకు మరొకచోట, బీజం ఇంకొకచోట దొరుకుతాయి. రాళ్ళను పలుచని పలకలుగా కోసి, సూక్ష్మదర్శినిలో కణనిర్మాణాన్ని పోల్చి, ఏ భాగం ఏ మొక్కదో నిర్ణయించాలి. సాహ్ని ఈ విధంగా 1932లో ఒక అంతరించిన మొక్క రూపాన్ని పునర్నిర్మించి, గురువు పేరు మీద దానికి విలియమ్సోనియా సీవార్డియానా అని నామకరణం చేశారు. 1948లో, తెలిసిన ఏ వర్గంలోనూ ఇమడని వివృతబీజాలకు పెంటాక్సిలే అనే కొత్త వర్గాన్ని ఏర్పరచారు.

దక్కన్ లావా పొరల వయస్సుపై అప్పట్లో తీవ్రమైన వివాదం ఉండేది. అవి క్రెటేషియస్ కాలం నాటివని కొందరు భూగర్భశాస్త్రజ్ఞులు భావించగా, పొరల మధ్య లభించిన వృక్షశిలాజాల ఆధారంగా అవి తరువాతి టెర్షియరీ కాలానివని సాహ్ని వాదించారు. అవి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం, ఆ రెండు కాలాల సంధిలో ఏర్పడ్డాయని తరువాతి రేడియోధార్మిక పరీక్షలు తేల్చాయి. ఇరుపక్షాల వాదనలోనూ కొంత సత్యముందని రుజువైంది.

1936లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. ఈ శాస్త్రానికి దేశంలో ఒక ప్రత్యేక సంస్థ ఉండాలన్నది ఆయన చిరకాల స్వప్నం. అందుకోసం సాహ్ని దంపతులు తమ ఆస్తిని, గ్రంథాలను, శిలాజాలను సమర్పించారు. 1949 ఏప్రిల్ 3న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ లక్నోలో ఆ సంస్థ భవనానికి శంకుస్థాపన చేశారు. వివిధ యుగాల శిలాజాలను పొదిగి ఆ శంకుస్థాపన శిలను సాహ్నియే రూపొందించారు. వారం తిరగకముందే ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

భర్త మరణంతో సావిత్రి సాహ్ని కుంగిపోలేదు. సంస్థ బాధ్యతను స్వీకరించి భవననిర్మాణాన్ని పూర్తిచేయించారు. సాహ్ని పేరుతో వెలసిన ఆ సంస్థలో ప్రాచీన జీవుల పరిశోధన నేటికీ కొనసాగుతోంది.