హకీం ఇబ్నె సీనా: వైద్యుడు తప్పిన పథ్యం

వలీమా విందులో ఖుబానీ కా మీఠా గిన్నె చేతికి అందగానే, ఈ ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకునే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు! రాత్రి విందు భోజనం చేసి, మర్నాడు ఇంకో మాత్ర ఎక్కువ వేసుకుంటే సరిపోతుందని సర్దిచెప్పుకునేవారూ ఉన్నారు. షుగర్, బీపీ వంటివి జ్వరంలా వచ్చి పోయే వ్యాధులు కావు. వచ్చాయంటే మనిషి వెంటే ఉంటాయి. వాటితో ఎలా మెలగాలో తెలుసుకోవడం ఒక ఎత్తయితే, తెలిసినదాన్ని రోజూ పాటించడం మరో ఎత్తు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో తెలుసుకోవాలంటే వెయ్యేళ్ళ క్రితం జీవించిన ఒక మహావైద్యుని చరిత్ర చదవాలి. ఆయనే హకీం ఇబ్నె సీనా. ఐరోపావారు ఆయన్ను అవిసెన్నా అని పిలుచుకున్నారు.

బుఖారా బాలుడు

ఇబ్నె సీనా అసలు పేరు హుసైన్. తండ్రి పేరు అబ్దుల్లాహ్, తల్లి పేరు సితారా. క్రీ.శ. 980లో బుఖారా నగరానికి సమీపంలోని అఫ్షనా గ్రామంలో ఆయన జన్మించారు. నేడు ఆ ప్రాంతం ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి బల్ఖ్ నుండి వచ్చి సామానీ పాలకుల కొలువులో అధికారిగా పనిచేసేవారు. పిల్లవాడి చదువు కోసం కుటుంబం బుఖారాకు మారింది.

పదేళ్ళు నిండేసరికే ఆ బాలుడు దివ్య ఖుర్ఆన్ పఠనాన్ని, దానితోపాటు ఎంతో అరబీ సాహిత్యాన్ని పూర్తిచేశాడు. లెక్కలు నేర్చుకోవడానికి తండ్రి అతణ్ణి ఏ పెద్ద పండితుని వద్దకో కాదు, ఒక కూరగాయల వర్తకుని వద్దకు పంపారు. ఆ వర్తకునికి భారతీయ గణితం బాగా తెలుసు. మన దేశంలో పుట్టిన అంకెల లెక్క బుఖారా బజారులో ఒక దుకాణదారుని ద్వారా ఇబ్నె సీనాకు అందింది. జ్ఞానం ఎవరి వద్ద ఉంటే వారి ముందు కూర్చోవడానికి ఆ ఇంటివారు సిగ్గుపడలేదు.

ఆ తర్వాత ఫిఖ్హ్, తర్కం, రేఖాగణితం, ఖగోళం ఒకదాని వెంట ఒకటి నేర్చుకున్నారు. వైద్యశాస్త్రం తనకు కష్టమనిపించలేదని ఆయన స్వయంగా చెప్పుకున్నారు. పదహారేళ్ళ వయసుకే అనుభవజ్ఞులైన వైద్యులు ఆయన వద్ద పాఠం చెప్పించుకునేవారు. పుస్తకాలతో సరిపెట్టుకోకుండా రోగుల్ని చూసేవారు. అలా చూడటం వల్లే పుస్తకాల్లో లేని చికిత్సా మార్గాలు తనకు తెలిశాయని రాసుకున్నారు.

ఏదైనా సమస్య తెగకపోతే మస్జిద్‌కు వెళ్ళి నమాజు చేసి, దారి చూపమని అల్లాహ్‌ను వేడుకునేవారు. అరిస్టాటిల్ రాసిన అధిభౌతిక శాస్త్ర గ్రంథాన్ని నలభైసార్లు చదివినా అది బోధపడలేదు. ఒకరోజు అస్ర్ వేళ పుస్తకాల బజారులో మూడు దిర్హములకు ఒక పుస్తకం దొరికింది. అది అరిస్టాటిల్ గ్రంథంపై అల్ ఫారాబీ రాసిన వివరణ. ఇంటికెళ్ళి చదవగానే చిక్కుముడి వీడిపోయింది. మర్నాడు కృతజ్ఞతగా పేదలకు దానం చేశారు.

అయితే ఆయన జీవితంలో మరో పార్శ్వం కూడా ఉంది. రాత్రిళ్ళు చదువుతూ అలసిపోతే మద్యం పుచ్చుకునేవాడినని ఆయనే రాశారు. అది మన ధర్మంలో నిషిద్ధం. ఆయన తాత్విక భావాలు కొన్నింటిని ఇమామ్ గజాలీ తీవ్రంగా ఖండించారు. ఒక మనిషి విద్యను గౌరవించడమంటే అతని ప్రతి పనినీ సమర్థించడం కాదు. ఈ వివేచనతోనే ఆయన చరిత్రను చదవాలి.

గ్రంథాలయం తలుపు తెరచుకుంది

ఆ రోజుల్లో బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ జబ్బుపడ్డాడు. ఆస్థాన వైద్యులకు ఆ జబ్బు అంతుపట్టలేదు. వారే ఈ యువకుని పేరు సూచించారు. ఇబ్నె సీనా వెళ్ళి వారితో కలిసి చికిత్సలో పాల్గొన్నారు. ఆ పరిచయంతో రాజ గ్రంథాలయంలోకి ప్రవేశానికి అనుమతి అడిగారు. ఒక్కో గదిలో ఒక్కో శాస్త్రానికి చెందిన గ్రంథాలు పెట్టెలనిండా పేర్చి ఉన్న భవనమది. పద్దెనిమిదేళ్ళకే తన చదువు పూర్తయిందని ఆయన చెప్పుకున్నారు.

కాని ఆ నెమ్మది ఎక్కువకాలం నిలవలేదు. తండ్రి మరణించారు, సామానీల రాజ్యం కూలిపోయింది. అప్పటి నుండి ఊరూరా తిరుగుడే. గుర్గాంజ్, జుర్జాన్, రయ్, హమదాన్. జుర్జాన్‌లో అబూ ఉబైద్ జూజ్జానీ అనే శిష్యుడు ఆయన్ను ఆశ్రయించి, మరణించేదాకా వెన్నంటి ఉన్నాడు. గురువుగారి జీవితం గురించి మనకు తెలిసినదంతా చాలావరకు ఆయన చలవే. సుప్రసిద్ధమైన అల్ ఖానూన్ ఫిత్తిబ్ గ్రంథానికి శ్రీకారం చుట్టింది కూడా జుర్జాన్‌లోనే.

ఖానూన్‌లో మధుమేహం

ఖానూన్‌లో అయిదు భాగాలున్నాయి. మొదటిది వైద్యశాస్త్ర మూలసూత్రాలు, రెండవది మూలికలూ మందులూ, మూడవది తల నుండి పాదం దాకా ఒక్కో అవయవానికి వచ్చే రోగాలు, నాల్గవది శరీరమంతటికీ సోకే జబ్బులు, అయిదవది మిశ్రమ ఔషధాలు. పన్నెండవ శతాబ్దంలో ఇది లాటిన్ భాషలోకి వెళ్ళింది. ఐరోపా విశ్వవిద్యాలయాల్లో పదిహేడవ శతాబ్దం దాకా పాఠ్యగ్రంథంగా నిలిచింది. మన హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కాలేజీలో బోధించే యునానీ వైద్యానికి కూడా ఇది మూలస్తంభం.

మన పెద్దలు ఉర్దూలో జియాబీతస్ అనే వ్యాధిని ఇబ్నె సీనా మూత్రపిండాల రోగాల మధ్య వివరించారు. తాగిన నీరు తాగినట్లే కొద్దిసేపట్లో బయటికి పోవడం దీని లక్షణమన్నారు. రోగి ఎంత తాగినా దాహం తీరదు, మూత్రం ఆపుకోలేడు. దీనికి అరబీలో ఉన్న పేర్లలో దూలాబ్ ఒకటి. దూలాబ్ అంటే బావిలోంచి నీరు తోడే చక్రం. ఒకవైపు నిండుతూ మరోవైపు ఒలికిపోయే ఆ చక్రాన్ని చూసినవారికి ఈ రోగి బాధ ఇట్టే అర్థమవుతుంది.

లక్షణాన్ని బాగా పట్టుకున్నా, కారణం దగ్గర ఆయన పొరబడ్డారు. మూత్రపిండాల్లో వేడి పెరగడమే దీనికి ముఖ్య కారణమని భావించి, చలువ చేసే మందులు సూచించారు. రోగి మూత్రం తియ్యగా ఉంటుందని మన దేశపు వైద్యులు అంతకు ఎంతో ముందే గుర్తించి మధుమేహమని పేరు పెట్టారు. అసలు మూలం క్లోమంలో ఉందని 1889లో జర్మన్ వైద్యులు మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ ఒక కుక్కపై చేసిన శస్త్రచికిత్సతో తేలింది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922లో తొలిసారి ఒక రోగికి దాన్ని ఇచ్చారు.

అయితే ఒక విషయంలో ఖానూన్ మాట ఈనాటికీ పాతబడలేదు. ఆరోగ్యాన్ని కాపాడుకునే పద్ధతుల్లో ఆయన మొదటి స్థానం వ్యాయామానికి, ఆ తర్వాత ఆహారానికి, దాని తర్వాత నిద్రకు ఇచ్చారు.

మాట వినని రోగి

హమదాన్ పాలకుడు షంసుద్దౌలాకు ఖూలంజ్ అనే తీవ్రమైన కడుపునొప్పి ఉండేది. తగ్గినట్లే తగ్గి మళ్ళీ తిరగబెట్టే జబ్బు అది. ఇబ్నె సీనా వైద్యంతో ఆయన కోలుకుని, సంతోషించి వైద్యుణ్ణే మంత్రిగా నియమించాడు. సైన్యానికి అది నచ్చలేదు. సైనికులు ఇబ్నె సీనా ఇంటిని దోచుకుని, ఆయన్ను చంపమని పట్టుబట్టారు. ఆయన ఒక మిత్రుని ఇంట్లో నలభై రోజులు తలదాచుకున్నారు. ఇంతలో పాలకునికి ఖూలంజ్ మళ్ళీ వచ్చింది. వెతికించి పిలిపించి, క్షమాపణ చెప్పుకుని మళ్ళీ మంత్రి పదవి ఇచ్చాడు. పగలు రాజకార్యాలు, రాత్రి శిష్యులకు పాఠాలు. ఇలా కొన్నేళ్ళు గడిచాయి.

1021లో షంసుద్దౌలా యుద్ధయాత్రకు బయలుదేరాడు. దారిలో జబ్బు తిరగబెట్టింది. పథ్యం సరిగా పాటించక, వైద్యుని సలహా చెవిన పెట్టకపోవడంతో మరికొన్ని రోగాలు తోడై ప్రాణం తీశాయని జూజ్జానీ రాశారు.

కొత్త ప్రభుత్వం ఇబ్నె సీనాను అనుమానించి ఫర్దజాన్ కోటలో బంధించింది. నాలుగు నెలల ఆ చెరలో కూడా ఆయన కలం ఆగలేదు. అక్కడ రాసిన వాటిలో ఖూలంజ్ వ్యాధి గురించిన గ్రంథం ఒకటి. ఆ జబ్బు ఎందుకొస్తుంది, ఏం తినాలి, ఏం తినకూడదు అన్నది ఆయనకంటే బాగా తెలిసినవారు ఆనాడు అరుదు. విడుదలయ్యాక సూఫీ వేషంలో ఇస్ఫహాన్ చేరి, అలావుద్దౌలా కొలువులో స్థిరపడ్డారు.

తన వంతు వచ్చినప్పుడు

1034లో అలావుద్దౌలా వెంట యుద్ధభూమిలో ఉండగా ఇబ్నె సీనాకే ఖూలంజ్ వచ్చింది. సైన్యం వెనుదిరగవలసి వస్తే ఈ స్థితిలో తాను ప్రయాణం చేయలేనని ఆయన భయపడ్డారు. త్వరగా నయం కావాలన్న ఆత్రంతో ఒక్క రోజులో ఎనిమిదిసార్లు ఎనిమా చేయించుకున్నారు. పేగులు పుండ్లుపడ్డాయి. ఆ స్థితిలోనే సైన్యంతో ప్రయాణించవలసి వచ్చింది. దారిలో మూర్ఛలు మొదలయ్యాయి.

తర్వాత మందులో రెండు దానిఖ్‌ల సెలెరీ విత్తులు కలపమని ఆయన చెప్పారు. అంటే దిర్హములో మూడో వంతు. చికిత్స చేస్తున్న వైద్యుడు అయిదు దిర్హములు వేశాడు. చెప్పినదానికి పదిహేను రెట్లు! అది పొరబాటో, కావాలని చేశాడో తెలియదని జూజ్జానీ అన్నారు. పేగుల పుండ్లు ఇంకా పెరిగాయి. మూర్ఛకు ఇచ్చే లేహ్యంలో సేవకులు నల్లమందు మోతాదుకు మించి కలిపారు. వారు యజమాని సొమ్ము కాజేసి ఉన్నారు, ఆయన బతికితే శిక్ష తప్పదని వారి భయం.

అయినా ఆయన కొంత కోలుకున్నారు. లేచి నడవగలిగారు, దర్బారుకు వెళ్ళగలిగారు. అప్పుడైనా జాగ్రత్తపడి ఉంటే ఏమయ్యేదో! కాని ఆయన తిండి విషయంలోనూ, దేహసుఖాల విషయంలోనూ మితం పాటించలేదు. జబ్బు తగ్గడం, మళ్ళీ రావడం, ఇలాగే మూడేళ్ళు గడిచాయి. షంసుద్దౌలాకు చెప్పిన మాటను తాను వినలేదు. కోటలో రాసిన పుస్తకం తనకు అక్కరకు రాలేదు.

చివరి దినాలు

1037లో అలావుద్దౌలాతో హమదాన్‌కు వెళుతుండగా వ్యాధి మళ్ళీ విరుచుకుపడింది. ఊరు చేరాక తన శక్తి పూర్తిగా ఉడిగిపోయిందని ఆయన గ్రహించారు. శరీరాన్ని నడిపే శక్తే చేతులెత్తేసినప్పుడు మందులు పనిచేయవని చికిత్స మానేశారు.

ఆ తర్వాత ఆయన ఏం చేశారో చరిత్రకారుడు ఇబ్నె ఖల్లికాన్ నమోదు చేశారు. గుస్ల్ చేసి, తౌబా చేసుకున్నారు. తన వద్ద ఉన్నది పేదలకు సదఖా ఇచ్చేశారు. తనవల్ల అన్యాయానికి గురైనవారిలో తెలిసినవారికి వారి హక్కు చెల్లించారు. బానిసల్ని విముక్తుల్ని చేశారు. మూడు రోజులకొకసారి ఖుర్ఆన్ పూర్తిచేస్తూ పారాయణం సాగించారు. హిజ్రీ 428, పవిత్ర రమజాన్ మాసంలో ఒక శుక్రవారం నాడు కన్నుమూశారు. హమదాన్‌లోనే ఆయన సమాధి ఉంది.

మనకు పాఠం

ఆనాడు ఆయన వ్యాయామానికి ఇచ్చిన మొదటి స్థానాన్ని ఈనాటి పరిశోధనలు బలపరుస్తున్నాయి. షుగర్ హద్దులో ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తిండి తగ్గించి, వారానికి కనీసం 150 నిమిషాలు నడిచేలా చూసిన బృందంలో వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మాత్ర ఇచ్చిన బృందంలో తగ్గింది 31 శాతమే. మన దేశంలో 531 మందిపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలోనూ నడక, ఆహార నియమాల వల్ల ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. వ్యాధి వచ్చినవారి సంగతి చూస్తే, బ్రిటన్‌లో ఇరవై ఏళ్ళు సాగి 1998లో ఫలితాలు వెలువడిన పరిశోధన రక్తంలో చక్కెరను అదుపులో ఉంచితే కళ్ళకూ, మూత్రపిండాలకూ జరిగే హాని తగ్గుతుందని చూపింది. ఇవేవీ ఒక్క రోజు పథ్యంతో వచ్చిన ఫలితాలు కావు. ఏళ్ళ తరబడి పట్టిన ఓపికకు దక్కినవి.

రమజాన్ రోజాల గురించి కూడా ఒక మాట. 2001లో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా షుగర్ రోగులపై చేసిన అధ్యయనంలో, టైప్ 2 రోగుల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు మిగతా నెలలకంటే రమజాన్‌లో ఏడు రెట్లకు పైగా కనిపించాయి. కాబట్టి రమజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చో లేదో, మందుల వేళలు ఎలా మార్చుకోవాలో తెలుసుకోవాలి. డాక్టరు వద్దంటే, రోగికి ధర్మం ఇచ్చిన సడలింపును స్వీకరించడం బలహీనత కాదు. అది అల్లాహ్ కారుణ్యాన్ని అందుకోవడమే.

సోదర సోదరీమణులారా! ఇబ్నె సీనా చరిత్రలో మనకు మూడు పాఠాలున్నాయి. ఆత్రపడి మోతాదు పెంచకూడదు. మందు కలిపే చేయి, ఇచ్చే చేయి నమ్మకమైనది కావాలి. కాబట్టి ఇంట్లో పెద్దవారి మాత్రలూ, ఇన్సులిన్ మోతాదూ బాధ్యత తెలిసినవారే చూసుకోవాలి. కాస్త తేరుకోగానే పథ్యం వదిలేయకూడదు. ఈ దేహం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాని లెక్క ఆయనకు చెప్పుకోవలసి ఉంది. ఇబ్నె సీనా తౌబా చేసుకోవడానికి కొద్దిపాటి వ్యవధి దొరికింది. మనకు ఈ రోజు ఉంది.

తెలిసినదాన్ని పాటించే శక్తిని, రోగుల పట్ల ఓర్పును, వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.