నాడు కొనేవారు లేరు.. నేడు కోట్లు
జనవరి 10 రివాల్వర్ రూపశిల్పి శామ్యూల్ కోల్ట్ వర్ధంతి

రివాల్వర్ అనగానే ప్రపంచమంతటా స్ఫురించే పేరు శామ్యూల్ కోల్ట్. 47 ఏళ్లకే కన్నుమూసిన ఈ అమెరికా పారిశ్రామికవేత్త జీవితంలో ఒక విచిత్రముంది. ఆయన లక్షల సంఖ్యలో అమ్మిన తుపాకులు నేటికీ విరివిగానే లభిస్తున్నాయి. అమ్ముడుపోక దివాలా తీసిన నాటి తుపాకులు, సైనికుల చేతుల్లోనే పగిలిపోయిన భారీ తుపాకులు మాత్రం పురాతన ఆయుధాల సేకర్తలకు అపురూప వస్తువులయ్యాయి. ఆయన వర్ధంతి సందర్భంగా ఆ జీవితాన్ని, ఆ పాత ఆయుధాలకు నేడు విలువ కట్టే తీరును తెలుసుకుందాం.

కలకత్తా ఓడలో కలిగిన ఆలోచన

కోల్ట్ 1814 జులై 19న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫోర్డ్‌లో జన్మించారు. ఆరేళ్ల ప్రాయంలోనే తల్లి క్షయవ్యాధితో మరణించారు. పదకొండో ఏట ఒక రైతు వద్ద పనికి కుదిరారు. అనంతరం తండ్రి నడిపే బట్టల మిల్లులో కొంతకాలం పనిచేశారు. మందుగుండు ప్రయోగాలంటే ఆయనకు చిన్ననాటి నుంచే విపరీతమైన ఆసక్తి. ఆ ప్రయోగాలతోనే చదువుతున్న పాఠశాలలో అగ్నిప్రమాదానికి కారకుడై చదువుకు దూరమయ్యారు.

దీంతో తండ్రి ఆయనను 1830లో నావికుడిగా శిక్షణ పొందేందుకు బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరిన కోర్వో అనే ఓడ ఎక్కించారు. ఆ ప్రయాణంలోనే ఓడలోని చక్రం తిరిగి, కావలసిన చోట నిలిచే తీరును గమనించి, తిరిగే గదుల తుపాకీకి చెక్కతో నమూనా చెక్కారని చెబుతారు. భారతదేశంతో ఆయనకున్న అనుబంధం ఆ ఒక్క యాత్రే అయినా దానిని వృథా పోనీయలేదు. తిరిగి వెళ్లాక పెట్టుబడి కోసం ఊరూరా తిరిగి, నవ్వు పుట్టించే వాయువును ప్రేక్షకులతో పీల్పించి ప్రదర్శనలిచ్చారు. ఆ ప్రకటనల్లో తనను తాను న్యూయార్క్, లండన్, కలకత్తా నగరాల డాక్టర్‌గా పరిచయం చేసుకున్నారు. ఆ సొమ్ముతోనే తుపాకీ నమూనాలు తయారు చేయించారు.

తొలి కర్మాగారం దివాలా

తిరిగే గదుల తుపాకులు అంతకుముందే ఉన్నాయి. అయితే సుత్తిని వెనక్కి లాగగానే గుండ్ల గది దానంతట అదే తిరిగి, గొట్టానికి సూటిగా వచ్చి బిగుసుకునే ఏర్పాటు కోల్ట్ ప్రత్యేకత. దీనికి 1835లో ఇంగ్లండ్‌లో, 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంట్లు పొందారు. న్యూజెర్సీ రాష్ట్రం పేటర్సన్‌లో కర్మాగారం వెలిసింది. అక్కడ తయారైనవి ఐదు గుండ్ల రివాల్వర్లు. ధర ఎక్కువ, నిర్మాణం సున్నితం. సైన్యం ఆశించినంతగా కొనలేదు. 1842లో కర్మాగారం మూతపడింది. సోదరుడు జాన్ హత్య కేసులో మరణశిక్షకు గురై, ఉరితీసే రోజున జైలులోనే ప్రాణం తీసుకున్నదీ ఆ సంవత్సరమే.

అయితే అప్పటికే టెక్సాస్ నౌకాదళం కొన్న కొన్ని పేటర్సన్ రివాల్వర్లు అక్కడి రేంజర్ల చేతికి చేరాయి. 1844లో తమకంటే ఎన్నో రెట్లున్న కొమాంచీ ఆదివాసులపై పదిహేను మంది రేంజర్లు వీటితోనే పైచేయి సాధించారు. తమ నేలను కాపాడుకోజూసిన ఆ జాతికి అది తీరని విషాదం కాగా, కోల్ట్‌కు అదే పునర్జన్మ అయింది.

రెండు కిలోల రివాల్వర్

ఆ పోరులో పాల్గొన్న శామ్యూల్ వాకర్ తదనంతరం సైన్యంలో కెప్టెన్ అయ్యారు. మెక్సికోతో యుద్ధం జరుగుతున్న సమయంలో ఆయన కోల్ట్‌ను కలిసి, గుర్రంపై నుంచి వాడేందుకు మరింత శక్తిమంతమైన ఆయుధం కావాలని కోరారు. ఇరువురి ఆలోచనల ఫలితమే .44 క్యాలిబర్ వాకర్ రివాల్వర్. గొట్టం లోపలి వ్యాసం సుమారు 11 మిల్లీమీటర్లు, గొట్టం పొడవు 9 అంగుళాలు, గుండ్లు ఆరు, బరువు రెండు కిలోలకు పైనే. 1847 జనవరిలో ఒక్కొక్కటి 25 డాలర్ల చొప్పున వెయ్యి తుపాకులకు ఒప్పందం కుదిరింది. సొంత కర్మాగారం లేని కోల్ట్ వాటిని ఎలై విట్నీ జూనియర్ కర్మాగారంలో తయారు చేయించారు. మరో వంద వరకు పౌరులకు, కానుకలకు కేటాయించారు.

వాకర్‌కు ఆ తుపాకులు అందిన కొద్ది రోజులకే, 1847 అక్టోబరు 9న మెక్సికోలోని హువామాంట్లా పోరులో ఆయన మరణించారు. మందు మోతాదు మించడం, నాటి ఇనుము నాణ్యత చాలకపోవడంతో ఎన్నో తుపాకులు పగిలిపోయాయి. మరికొన్ని యుద్ధంలోనే పోయాయి. మొత్తం తయారైనవే 1,100. మిగిలినవి అతి స్వల్పం.

విలువ కట్టేది ఇలా..

పాత రివాల్వర్‌కు ఇనుము బరువునుబట్టి ధర పలకదు. తయారైన సంఖ్య ఎంత, మిగిలినవెన్ని అన్నది మొదటి ప్రశ్న. అన్ని భాగాలపై ఒకే క్రమసంఖ్య ఉందా అన్నది రెండోది. సైన్యానికి ఇచ్చిన వాకర్‌లపై దళాన్ని సూచించే ఎ నుంచి ఇ వరకు ఏదో ఒక అక్షరం ఉంటుంది. గుండ్ల గదిపై నాటి కొమాంచీ పోరు దృశ్యాన్ని చెక్కారు. ఆ గీతలు ఎంత మిగిలితే అంత విలువ. తుప్పు పోతుందని ఇసుక కాగితంతో రుద్దినా, కొత్త మెరుగు పెట్టినా ధర సగానికి సగం పడిపోవచ్చు. నకళ్లకూ కొదవ లేదు. ఆధునిక కాలంలో తయారైన నమూనాలను పాతవాటిలా మార్చి అంటగట్టే మోసగాళ్లున్నారు. అందుకే తుపాకీ ఎవరి చేతి నుంచి ఎవరికి చేరిందో చెప్పే పత్రాలకు అంతటి ప్రాధాన్యం.

డెన్మార్క్ ఓడ కెప్టెన్ ఒకరు కొన్న వాకర్ ఒకటి అసలు పెట్టెతో సహా భద్రంగా ఉండటంతో 2018లో అమెరికాలో జరిగిన వేలంలో 18.40 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకం లెక్కన అది సుమారు రూ.12 కోట్లు. కోల్ట్ మరణానంతరం 1873లో ఆయన కంపెనీ విడుదల చేసిన నమూనా రివాల్వర్లు లక్షల్లో తయారయ్యాయి. అయినా పేరుమోసిన బందిపోటు బిల్లీ ది కిడ్‌ను షెరిఫ్ పాట్ గారెట్ కాల్చిచంపిన తుపాకీ 2021లో 60 లక్షల డాలర్లు దాటింది. అక్కడ విలువ తుపాకీది కాదు, చరిత్రది.

కీర్తి వెంట నింద

వాకర్ ఒప్పందంతో నిలదొక్కుకున్న కోల్ట్ హార్ట్‌ఫోర్డ్‌లో భారీ కర్మాగారం నిర్మించారు. యంత్రాలతో ఒకే కొలతల భాగాలు చేయించారు. 1851లో లండన్ ప్రదర్శనలో పాల్గొని, అక్కడా కర్మాగారం తెరిచారు. టర్కీ సుల్తానుకు, రష్యా చక్రవర్తికి బంగారు నగిషీ రివాల్వర్లు బహూకరించారు. అమెరికా అంతర్యుద్ధం ముంచుకొస్తున్నా దక్షిణాది రాష్ట్రాలకు తుపాకులు పంపారన్న అపకీర్తినీ మూటగట్టుకున్నారు. ఆ యుద్ధం సాగుతుండగానే 1862 జనవరి 10న తుదిశ్వాస విడిచారు. ఆయన భార్య ఎలిజబెత్ కర్మాగారాన్ని నడిపించారు. 1864లో అది కాలిపోతే మళ్లీ కట్టించారు. భర్త దాచుకున్న తుపాకులను అమ్ముకోకుండా హార్ట్‌ఫోర్డ్‌లోని వాడ్స్‌వర్త్ అథీనియం మ్యూజియానికి రాసిచ్చారు.

ఇంట్లో పాత తుపాకీ ఉంటే..

మన దేశంలో వారసత్వంగా వచ్చిన పాత తుపాకీ అయినా లైసెన్సు తప్పనిసరి. బాగుచేసినా పేలే అవకాశం లేని పురాతన ఆయుధాలకు మాత్రమే 1959 ఆయుధాల చట్టం మినహాయింపునిచ్చింది. వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం 1972 చట్టం ప్రకారం నేరం. అటకపై తాతల నాటి తుపాకీ కనిపిస్తే రుద్ది మెరుగు పెట్టడమో, పాత ఇనుము కింద అమ్మడమో చేయకుండా పోలీసులకు తెలపడం మేలు. దానితోపాటు ఉన్న పాత కాగితాలను భద్రపరచాలి. చరిత్ర నిలిచేది వాటిలోనే.