ఇబ్నె బతూతా: ఒక బాటసారి జాగరణ

ఇబ్నె బతూతా పేరు మన విద్యార్థులకు కొత్తది కాదు. తుగ్లక్ వంశ చరిత్రను గూర్చి చెప్పే ప్రతి పాఠ్యగ్రంథంలోనూ ఆ పేరు ఒకటి రెండు వాక్యాలలో కనిపిస్తుంది. ఢిల్లీ సుల్తాను కొలువును కన్నులారా చూసినవాడనీ, ఆనాటి తపాలా ఏర్పాటును వర్ణించినవాడనీ పరీక్షలో వ్రాసి, ఆ తరువాత మరచిపోతాము. కాని అతని జీవితంలో నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తున్న విషయం వేరొకటి ఉన్నది. సుమారు మూడు దశాబ్దాలపాటు పరాయి నేలలపై, ముక్కూ మొగమూ తెలియని మనుష్యుల నడుమ తిరిగి, అతడు ప్రాణాలతో ఇల్లు చేరగలిగాడు. అది ఎట్లా సాధ్యమయింది?

ఈ ప్రశ్న నా మనస్సులో మళ్లీ మెదలడానికి మన కళాశాల విద్యార్థి ఒకడు కారణమయ్యాడు. ఇంటర్వ్యూ కొరకు పొరుగు జిల్లాకు వెళ్లి, రాత్రివేళ బస్సు దిగాడు. బస చూపిస్తానంటూ ఒక అపరిచితుడు ఎదురువచ్చి అతని పెట్టెను అందుకున్నాడు. కాదనటం మర్యాద కాదని ఇతడు ఇచ్చివేశాడు. రెండు సందులు ఆ మనిషి వెంట నడిచి, మూడవ సందులో ఒంటరిగా మిగిలిపోయాడు. సర్టిఫికెట్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. పెట్టె చేయి మారిన క్షణంలోనే తనకు అనుమానం కలిగిందనీ, దానిని పైకి చూపడానికి సిగ్గుపడ్డాననీ అతడు నాతో చెప్పుకున్నాడు. ఆ సిగ్గును గురించి విన్నప్పుడే నాకు ఒమన్ తీరంలో ఇబ్నె బతూతా గడిపిన రాత్రి జ్ఞప్తికి వచ్చింది.

ఇతని అసలు పేరు అబూ అబ్దుల్లా ముహమ్మద్. మొరాకో ఉత్తర తీరాన ఉన్న తంజీర్ నగరంలో 1304 ఫిబ్రవరి 24వ తేదీన, ఖాజీలకు పేరుపొందిన కుటుంబంలో జన్మించాడు. ధర్మశాస్త్రం అభ్యసించి, 1325 జూన్ మాసంలో హజ్ సంకల్పంతో తల్లిదండ్రులను విడిచి ఒంటరిగా బయలుదేరాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. మొదటి నెలలలోనే తీవ్రమైన జ్వరం పట్టుకున్నది. దారిలో వెనుకబడిపోతే దోపిడి తప్పదని, జీను మీదినుండి పడిపోకుండా తలపాగా గుడ్డతో తన్ను తానే కట్టుకుని ప్రయాణం సాగించాడు. ట్యూనిస్ చేరినప్పుడు తోటివారినందరినీ పలుకరించేవారు ఉండి, తనను పలుకరించేవారు ఎవ్వరూ లేకపోవటంతో కన్నీరు ఆపుకొనలేకపోయాడట. జగదేక యాత్రికుడనిపించుకున్న మనిషి ప్రయాణం ఇట్లా ఆరంభమయింది.

1326లో అలెగ్జాండ్రియా, కైరో, దమాస్కస్ నగరాలను చూసి, మక్కా చేరి హజ్ ముగించుకున్నాడు. పిమ్మట ఇరాక్, ఇరాన్ ప్రాంతాలలో సంచరించాడు. కొంతకాలానికి యెమెన్ మీదుగా తూర్పు ఆఫ్రికాలోని మొగదిషు, కిల్వా రేవులకు వెళ్లి, అటునుండి అరేబియా దక్షిణ తీరానికి మరలాడు. 1330 ప్రాంతాలలో ఒక చిన్న ఓడలో ఒమన్ దేశంలోని సూర్ రేవును చేరుకున్నాడు.

ఓడ మధ్యాహ్నం వేళకు సూర్‌లో ఆగింది. అక్కడినుండి చూస్తే కొండవాలున ఖల్హాత్ పట్టణం కనిపిస్తున్నది. సాయంకాలపు నమాజు వేళకు చేరవచ్చునని ఎవరో చెప్పారు. ఓడలోని వారి సహవాసం అతనికి మొదటినుండీ నచ్చలేదు. అందుచేత ఆ రాత్రికి పట్టణంలోనే విశ్రమించవచ్చునని ఆశపడి కాలినడకన బయలుదేరాడు. దారి చూపటానికి నావికులలో ఒకనిని కూలికి మాట్లాడుకున్నాడు. ఖిజర్ అనే భారతీయుడు ఒకడు తోడు వచ్చాడు. తక్కిన మిత్రులనూ సామానునూ ఓడలోనే ఉంచి, కొన్ని విలువైన వస్త్రాలు మాత్రం వెంట తీసుకుని, మోసే శ్రమ తప్పుతుందని వాటిని ఆ మార్గదర్శి భుజానికి ఎత్తాడు. తన చేతిలో మాత్రం ఒక ఈటెను ఉంచుకున్నాడు.

ఇక్కడ అతడు రెండు పొరపాట్లు చేశాడని నా అభిప్రాయం. కంటికి కనిపించే దూరాన్ని కాలితో నడిచే దూరంగా భావించటం మొదటిది. నిజానికి సూర్‌కు ఖల్హాత్ 20 కిలోమీటర్లకు పైబడిన దూరం. సొమ్మును అపరిచితుని చేతిలో పెట్టటం రెండవది. మన విద్యార్థి చేసినదీ అదే! అయితే ఆ తరువాత ఇబ్నె బతూతా నడుచుకున్న తీరు వేరు.

కొంతదూరం పోయేసరికి సముద్రపు పాయ ఒకటి అడ్డు వచ్చింది. ఆటుపోట్లకు నీరు వచ్చిపోయే చోటు అది. మార్గదర్శి వస్త్రాల మూటతోసహా నీటిలోనికి దిగబోయాడు. ఇబ్నె బతూతా అతనిని ఆపి, మూటను తమవద్ద విడిచి ముందు అతడొక్కడే దాటవలసిందని, తమకు వీలైతే దిగుతామని, కాకుంటే పైకి నడిచి రేవు వెదకుకుంటామని చెప్పాడు. ఆ మనిషి వెనుకకు తగ్గాడు. చూస్తూ ఉండగానే కొందరు మనుష్యులు అదే పాయను ఈదుకుంటూ దాటటం కనిపించింది. తమను లోతు నీటిలోనికి దించి, మునిగిపోతే మూటతో పారిపోవాలన్నదే వాని తలంపు అని అప్పుడు స్థిరపడింది.

ఇబ్నె బతూతా వానిని నిందించలేదు, వానితో వాదానికి దిగలేదు. నడుము బిగించి కట్టుకుని, ఈటెను చేతిలో ఆడిస్తూ, ధీమాగా నిలబడ్డాడు. మార్గదర్శి భయపడ్డాడు. ముగ్గురూ పైకి నడిచి, రేవు కనుగొని పాయను దాటారు. ఆవల నీటిచుక్క లేని మైదానం. దాహంతో ప్రాణాలు కడబట్టిన వేళ గుర్రంపై ఒక రౌతు తన మనుష్యులతో ఎదురై త్రాగటానికి నీరిచ్చాడు. పట్టణం దగ్గరే ఉన్నట్లు తోచినా, నడుమ లోతైన వాగులు, గండ్లు ఎన్నో ఉన్నాయి.

సాయంకాలమయ్యేసరికి మార్గదర్శి వారిని సముద్రపుటొడ్డుకు మళ్లించబోయాడు. అక్కడ దారి లేదు, అన్నీ రాళ్లే. రాళ్లలో వీరు చిక్కుకుంటే తాను జారుకోవచ్చు. ఇబ్నె బతూతా నడుస్తున్న బాటను విడువనని కచ్చితంగా చెప్పాడు. చీకటి పడిన తరువాత వాడు మరొక ఎత్తు వేశాడు. పట్టణం చేరువనే ఉన్నదనీ, గోడల దాకా నడిచి తెల్లవారే వరకు వెలుపల పడుకోవచ్చుననీ నచ్చజెప్పబోయాడు. కాని ఇబ్నె బతూతా అంతకుముందే కొండవాలున కొందరు మనుష్యులు గుమిగూడి ఉండటం గమనించాడు. వారు దొంగలు కావచ్చు, కాకపోవచ్చు. ఇంకా నడవవలసిన దూరమెంతో తెలియదు. ఇట్టి స్థితిలో ఎవరికీ కనిపించకుండా ఉండటమే మేలని నిశ్చయించుకున్నాడు. దాహంతో ఉన్న ఖిజర్‌కు ఆ మాట రుచించలేదు. అయినా వినక, బాట విడిచి ఒక తుమ్మచెట్టు క్రిందికి చేరాడు.

ఆ రాత్రి అతడు చేసిన ఏర్పాటును గమనించవలసి ఉన్నది. మార్గదర్శిని తనకూ ఖిజర్‌కూ మధ్య పడుకోబెట్టాడు. వస్త్రాలను తన అంగీకి, ఒంటికి నడుమ దోపుకున్నాడు. ఈటెను పిడికిట పట్టుకున్నాడు. తానూ అలసి సొలసి ఉన్నాడు. కాని ఆ మనిషికి జంకి, లేని బలాన్ని నటించాడు. ఖిజర్ నిద్రపోయాడు. మార్గదర్శి కూడా నిద్రపోయాడు. ఇబ్నె బతూతా మాత్రం కన్ను మూయలేదు. వాడు కదలినప్పుడల్లా ఏదో ఒక మాట పలికి తాను మేలుకునే ఉన్నట్లు తెలియజేశాడు.

తెల్లవారింది. బాటపై పట్టణానికి పోయేవారు కనిపించారు. అప్పుడు గాని మూటను ఖిజర్‌కు అప్పగించి, మార్గదర్శిని నీటికై పంపలేదు. చివరకు ఖల్హాత్ చేరేసరికి పాదాలు చెప్పులలో వాచిపోయి, గోళ్లక్రింద నెత్తురు చిమ్మబోతున్నదట. పట్టణాధికారి ఆదరించి బస ఇచ్చాడు. ఆరు దినాలపాటు లేచి నిలబడలేకపోయాడు.

ఒక్కరికీ గాయం కాలేదు, ఒక్క గుడ్డ పోలేదు. వీరగాథలు చదివే అలవాటున్నవారికి ఈ కథ చప్పగా తోచవచ్చు. నాకైతే గొప్ప యుద్ధవర్ణనల కంటె ఇదే విలువైనదనిపిస్తుంది. (అతడు బీబీ మర్యం కట్టించిన మసీదును వర్ణించిన ఆ ఖల్హాత్ నేడు శిథిలాల కుప్ప. ఆమె పేరున ప్రసిద్ధమైన సమాధి మందిరం మాత్రం నిలిచి ఉన్నది. 2018లో యునెస్కో ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.)

తదుపరి యాత్రలో అతడు అనటోలియా, వోల్గా నదీ ప్రాంతం, కాన్‌స్టాంటినోపుల్ చూసి, 1333 సెప్టెంబరులో సింధునదిని చేరుకున్నాడు. ఢిల్లీలో ఖాజీ పదవి లభించింది. అతనిని ఆదరించిన ముహమ్మద్ బిన్ తుగ్లక్, ఉలుగ్ ఖాన్ అనే పేరుతో యువరాజుగా ఉన్నప్పుడు 1323లో మన ఓరుగల్లును జయించినవాడే. ఆ సుల్తాను దయ ఎంతటిదో ఆగ్రహమూ అంతటిదే. ఒక దర్వేషును దర్శించిన కారణంగా ఇబ్నె బతూతా కూడా కొంతకాలం కావలిలో ఉండవలసి వచ్చింది. తరువాత 1342లో సుల్తాను అతనినే చైనా చక్రవర్తి వద్దకు రాయబారిగా పంపాడు.

రాయబార బృందం నేటి అలీగఢ్ అయిన కోయిల్ ప్రాంతంలో తిరుగుబాటుదారులతో పోరాడవలసి వచ్చింది. ఆ గందరగోళంలో ఒకనాడు ఇబ్నె బతూతా తనవారినుండి విడిపోయాడు. ముగ్గురు రౌతులు తరుముతున్నారు. గుర్రం ముందుకాలు రాళ్లలో ఇరుక్కుంటే దిగి విడిపించాడు. అంతలో బంగారు పనిచేసిన కత్తి జీను నుండి జారిపడితే, దానికోసం మళ్లీ దిగాడు! ఈ మాట చదివినప్పుడల్లా నాకు నవ్వు, భయము ఒక్కసారే కలుగుతాయి. ఖల్హాత్ దారిలో అంత ఆలోచించినవాడు ఇక్కడ కత్తి కొరకు ప్రాణాన్ని పందెం ఒడ్డాడు.

వారినుండి తప్పించుకున్నాడు గాని, ఒక లోయలో విండ్లు ధరించిన సుమారు 40 మంది చుట్టుముట్టారు. ఒంటిపై కవచం లేదు. పరుగెత్తితే బాణాలు వెంట వస్తాయి. అతడు నేలపై పడి లొంగిపోయాడు. అట్లా లొంగినవారిని వారు చంపరని అతనికి తెలుసు. ఒక్కని ఎదుట లేని బలం నటించినవాడు నలుబది మంది ఎదుట ఉన్న బలాన్ని కూడా దాచివేశాడు. ఇది పిరికితనమని కొందరు విద్యార్థులు తరగతిలో నాతో వాదించారు. నేను అంగీకరించలేదు.

దోచుకున్నవారు అతనిని ముగ్గురు కావలివాండ్రకు అప్పగించారు. వారిలో ఒకడు వృద్ధుడు. ఇబ్నె బతూతా అతనితోనే మాటలు కలిపి జాలి పుట్టించాడు. తన చొక్కా చేతులను చించి అతనికి ఇచ్చాడు. పిదప ఒక యువకుడు దయతలచి విడిచిపెట్టగా తన జుబ్బాను అతనికిచ్చి, వాని పాత వస్త్రం తొడుక్కున్నాడు. వారం దినాలు ఆకులలములు తింటూ, నక్కి నక్కి తిరిగాడు. ఎనిమిదవనాడు ఒక బావివద్ద, చేద లేక తన పాదరక్షకు త్రాడు కట్టి నీరు తోడుతుండగా త్రాడు తెగి అది బావిలో పడిపోయింది. రెండవదానితో తోడి త్రాగాడు. ఆ సమయంలోనే చేతిలో కర్ర, కూజా, భుజాన సంచి గల నల్లని మనిషి ఒకడు ఎదుట నిలిచాడు.

అన్ని అవస్థలు పడినవాడు ఆ అపరిచితుని ఎట్లా నమ్మాడు? ఆ మనిషి ముందుగా సలాం చెప్పాడు. నీరు తోడాడు. సంచి విప్పి వేయించిన శనగలు పెట్టాడు. పేరు చెప్పాడు. ఏమీ అడుగలేదు. నడవలేని ఇతనిని భుజాలపై ఎత్తుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఇబ్నె బతూతా ఒక గ్రామం చేరి ఉన్నాడు, మోసినవాడు కనిపించలేదు. అతడొక మహాత్ముడని ఇబ్నె బతూతా విశ్వాసం.

పిమ్మట మలబారు తీరం, మాల్దీవులు, సింహళం, చైనా. నడుమ సముద్రపు దొంగలు కట్టుబట్టలు తప్ప సర్వమూ దోచుకున్నారు. 1349లో మొరాకో చేరేనాటికి తండ్రి గతించి చాలాకాలమయింది; తల్లి అంతకు కొద్దిముందే మహమ్మారికి బలి అయింది. 1352లో చివరి యాత్రగా సహారా ఎడారి దాటి మాలీ రాజ్యానికి వెళ్లాడు. మరలివచ్చిన తరువాత సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞతో ఇబ్నె జుజై అనే పండితునికి తన యాత్రలను చెప్పి వ్రాయించాడు. 1355లో ఆ గ్రంథం పూర్తయింది. చైనా వంటి కొన్ని ఘట్టాలను విద్వాంసులు శంకిస్తారు. కాని వాచిన పాదాలనూ, బావిలో పడిన పాదరక్షనూ ఎవరు కల్పిస్తారు? అతడు స్వదేశంలో ఖాజీగా పనిచేస్తూ 1368 ప్రాంతంలో కన్నుమూశాడు.

మాలీ యాత్రలోని చిన్న సంగతి ఒకటి మిగిలింది. ఒకనాడు నైజర్ నదివద్దకు కాలకృత్యానికై వెళ్లాడు. ఆ దేశస్థుడొకడు వచ్చి, అతనికీ నీటికీ మధ్య కదలకుండా నిలబడ్డాడు. వీనికి సిగ్గు, మర్యాద లేవని ఇబ్నె బతూతాకు ఆగ్రహం కలిగింది. తరువాత ఎవరితోనో ఆ మాట చెప్పుకుంటే, ఆ నదిలో మొసళ్లు ఉన్నాయనీ, అది మీద పడకుండా ఆ మనిషి తన శరీరాన్ని అడ్డు పెట్టాడనీ తెలిసింది. తన ఈ పొరపాటును దాచకుండా, దీనిని కూడా అతడు ఇబ్నె జుజైకి చెప్పి వ్రాయించాడు.

మా విద్యార్థికి ఖల్హాత్ కథతోపాటు ఈ మొసలి కథ కూడా చెప్పాను. సర్టిఫికెట్ల నకళ్లు సంపాదించుకుని అతడు మళ్లీ అదే ఊరికి, అదే రాత్రి బస్సులో వెళ్లి వచ్చాడు. ప్రక్క సీటులోని వృద్ధుడు పెట్టిన అరటిపండు తిన్నాడట. క్రొత్త పెట్టెను మాత్రం ఒడిలోనుండి దించలేదట.