సంఘాలకు సర్కారు డబ్బు దారి వేసిన దుర్గాబాయమ్మ

ఈ పుస్తకంలో పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, సామాజిక పెట్టుబడి నిధి లెక్కలన్నీ ఉన్నాయి. అవన్నీ చూశాక కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఏదో ఒక గ్రామ సంఘం మీటింగులో ఎవరో ఒక అక్క దాన్ని లేవనెత్తుతూనే ఉంటుంది. సర్కారు డబ్బు తీసుకుని నడుస్తున్న సంఘం మనది. అలాంటప్పుడు గ్రామసభలో లేచి నిలబడి వీధి కుళాయి సంగతీ, అంగన్‌వాడీ గోడ సంగతీ గట్టిగా అడగొచ్చా? అడిగితే రేపు మనకు రావలసింది ఆగిపోదా?

ఈ భయం ఉత్తది కాదు. అందుకే దీనికి జవాబు సర్క్యులర్లలో కాకుండా ఒక మనిషి బతుకులో వెతికాం. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. హైదరాబాదులో ఆసుపత్రి పేరుగా ఈ పేరు చాలామందికి తెలుసు. మన దేశంలో ఆడవాళ్ల సంఘాలకు ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే పద్ధతిని నిలబెట్టింది ఈమేనన్న సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టింది. పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. పెళ్లంటే ఏంటో తెలిసే వయసు వచ్చాక, పదిహేనేళ్లప్పుడు, ఈ కాపురం తనకు వద్దని ఆ భర్తకే చెప్పి విడిపోయింది. పుట్టింటివాళ్లు అండగా నిలిచారు. వందేళ్ల కిందట ఒక ఆడపిల్ల అంత మాట అనడం, ఇంట్లోవాళ్లు దానికి ఒప్పుకోవడం, రెండూ అరుదే. ఈలోపే తాను హిందీ నేర్చుకుని, కాకినాడలోనే ఆడవాళ్లకు హిందీ బడి పెట్టి నడిపింది.

ఆమె చిన్నతనంలో జరిగిన ఒక సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు. ఊళ్లో దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం ఆడవాళ్లు ఆయన్ని చూడాలి, ఆయన మాట వినాలి అని ఆమెకు పట్టుదల. వాళ్లు మగవాళ్ల సభకు రాలేరు. వేరే సభ కావాలని అడిగితే, అయిదు వేల రూపాయల నిధి పోగు చేస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామన్నారు నిర్వాహకులు. 1921లో అయిదు వేలంటే చిన్న మాట కాదు. ఆ డబ్బు దేవదాసీలే సర్దారు. సభకు చోటు కూడా ఈ పిల్లే తిరిగి సంపాదించింది. కొద్ది నిమిషాలన్న గాంధీగారు అరగంట దాకా ఉండిపోయారు. ఆడవాళ్లు ఒంటిమీది గాజులు, గొలుసులు తీసి నిధిలో వేశారు. ఆయన మాటల్ని తెలుగులోకి చెప్పింది దుర్గాబాయే.

ఆడవాళ్లు తమ మాట పదిమందిలో చెప్పుకోవాలన్నా, పెద్దల మాట వినాలన్నా చోటు కావాలి, సమయం కావాలి, డబ్బు కావాలి. ఊరికే హక్కు ఉందంటే సరిపోదు. ఈ పాఠం ఆమెకు పన్నెండో ఏటే అందిందని మా నమ్మకం. తర్వాత ఆమె చేసిన పనులన్నిట్లోనూ ఇదే కనపడుతుంది.

1923 కాకినాడ కాంగ్రెసు మహాసభలో ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసిన కథ చాలామంది వినే ఉంటారు. నిర్వాహకులు టికెట్ కొనిస్తేనే లోపలికి వదిలింది. మా గ్రామ సంఘాల్లో కట్టడి తప్పితే సొంత ఆడబిడ్డకైనా జరిమానా రాసే కోశాధికారులు ఉన్నారు. వాళ్లకు ఈ కథ ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్లారు. 1933 లోపల మూడుసార్లు జైలు. అందులో మదురై జైల్లో చాలాకాలం ఒంటరి గదిలో ఉంచారు. జైల్లో ఆమెను కలచివేసింది తన కష్టం కాదు. తాము చేసిన నేరమేంటో, తమకు ఉన్న హక్కేంటో తెలియకుండా శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లను అక్కడ చూశారు. లాయరు కావాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. బయటికొచ్చాక ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, మద్రాసులో లా పూర్తి చేసి 1942లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. తనలాగే మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకు తయారు చేసేవారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ అలా పెరిగింది. చందాలు అడగడం, రసీదులు రాయడం, నెలాఖరుకు లెక్క సరిచూడటం ఆమెకు అక్కడ అలవాటైన పనులు.

రాజ్యాంగ సభలో ఉన్న పదిహేను మంది మహిళల్లో ఆమె ఒకరు. సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ కూడా ఆమే. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలన్న మాట రాజ్యాంగంలో చేరింది ఆ సభలోనే, 1948 నవంబరులో. చేరింది కానీ ఆదేశిక సూత్రంగా చేరింది. చేస్తే మంచిది, చేయకపోతే కోర్టుకు పోలేం అన్నమాట.

1952 ఎన్నికల్లో దుర్గాబాయమ్మ ఓడిపోయారు. ఓడిపోయిన మనిషిని నెహ్రూ ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు, సాంఘిక సంక్షేమం అప్పగించారు. మాకు సంబంధించిన అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

అప్పటికి దేశమంతా అనాథాశ్రమాలు, మహిళా సమాజాలు, కుట్టు బడులు, బాలవాడీలు వేలకొద్దీ ఉన్నాయి. కట్టినవాళ్లు మంచివాళ్లే. దాతలు ఉన్నన్నాళ్లు నడిచేవి, దాత పోతే మూతపడేవి. మరి ప్రభుత్వమే ఆ పనులన్నీ తీసుకుని నడిపితే పోలేదా? అప్పుడు ఊరివాళ్లకు చూస్తూ కూర్చోవడం తప్ప పని ఉండదు. ఇటు దాత దయ, అటు ఆఫీసు పెత్తనం. దుర్గాబాయమ్మ రెండిటినీ కాదన్నారు. డబ్బు ప్రభుత్వానిది, నడిపే బాధ్యత సంఘానిది, మధ్యలో డబ్బు పంచడానికి ఒక బోర్డు. ఆ బోర్డులో అధికారుల కంటే బయటివాళ్లు, సేవారంగంలో పనిచేసినవాళ్లు ఎక్కువమంది ఉండాలి. ఇదీ ఆమె వేసిన దారి.

మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇందుకు నాలుగు కోట్ల రూపాయలు పెట్టించారు. ప్రణాళిక మొత్తం 2,069 కోట్లు. అంటే అయిదు వందల రూపాయల్లో ఒక్క రూపాయి కూడా రాలేదు. అయినా స్వచ్ఛంద సంస్థలకు నేరుగా ఇవ్వడానికి కేంద్రం అంత డబ్బు విడిగా పెట్టడం అదే మొదలు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఆమే మొదటి అధ్యక్షురాలు. అదే ఏడాది జనవరిలో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో ఆమె పెళ్లి జరిగింది. భర్త ఖజానా కాబట్టి డబ్బు వచ్చిందని ఎవరైనా అనుకుంటారేమో. ప్రణాళిక ఖరారైంది అంతకుముందు డిసెంబరులోనే.

బోర్డు గ్రాంటు ఇచ్చే తీరు మన సంఘాల్లో పనిచేసేవాళ్లకు కొత్తగా అనిపించదు. అర్జీ పెట్టిన సంస్థ దగ్గరికి మనుషులు వెళ్లి చూసేవారు. మామూలుగా మొత్తం ఖర్చు బోర్డే పెట్టేది కాదు, సంస్థ కూడా తన వాటా పోగు చేయాలి. మన సంఘాల్లో పొదుపు లేకుండా అప్పు లేదంటాం కదా, అట్లాంటిదే. ఊరు తన చేతినుంచి ఒక రూపాయి వేస్తే, ఆ రూపాయి ఎక్కడికి పోయిందని అడిగే నోరు కూడా ఊరికి వస్తుంది.

1954 నుంచి ఇదే పద్ధతిని పల్లెలకు తీసుకెళ్లారు. ఒక్కో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టు కింద సుమారు పాతిక ఊళ్లు, ఇరవై వేల మంది జనం. బాలవాడీ, కాన్పుల సాయం, చేతిపనులు, వయోజన విద్య. ఖర్చులో కొంత బోర్డుది, కొంత రాష్ట్ర ప్రభుత్వానిది, మిగిలింది స్థానికంగా పోగు చేయాలి. నడపడానికి ఒక కమిటీ, అందులో ఎక్కువమంది ఆ ప్రాంతపు ఆడవాళ్లే. సర్కారు డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తీర్మానం రాసి సంతకం పెట్టే పని పల్లె ఆడవాళ్లలో చాలామంది చేతికి మొదట వచ్చింది ఇలాంటి కమిటీల్లోనే.

వెంటనే ఒక అడ్డంకి ఎదురైంది. ఊళ్లల్లో పనిచేయడానికి గ్రామసేవికలు కావాలి, దాయీలు కావాలి. ఉద్యోగాలు ఉన్నాయి కానీ అర్హత ఉన్న ఆడవాళ్లు లేరు. దుర్గాబాయమ్మకు తన మెట్రిక్ చదువు గుర్తొచ్చే ఉంటుంది. 1958లో బోర్డు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. చదువు ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్లను, ముఖ్యంగా వితంతువులను, భర్త వదిలేసినవాళ్లను రెండేళ్లలో పరీక్షకు కూర్చోబెట్టే కోర్సులివి. ఆమె చేసిన పనుల్లో మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అంతా బాగుందని మేము చెప్పడం లేదు. ఆ కమిటీల్లో చాలాచోట్ల కలిగిన ఇళ్ల ఆడవాళ్లు, చదువుకున్నవాళ్లే కూర్చున్నారు. కూలికి పోయే ఆడమనిషి బాలవాడీకి బిడ్డను పంపింది కానీ కమిటీ చాప మీద ఆమెకు చోటు తక్కువ. 1961 నుంచి ప్రాజెక్టులను ఊరి మహిళా మండళ్లకు అప్పగిస్తూ వచ్చారు. స్థానిక వాటా పోగుకాని చోట వాటిని నడపడం కష్టమైంది. డబ్బు వస్తోంది కాబట్టి పుట్టిన మండలి, డబ్బు ఆగగానే బోర్డు పలకగా మిగిలింది.

పెద్ద లోటు ఇంకొకటుంది. సంక్షేమం చేతికొచ్చింది కానీ పంచాయతీ చేతికి రాలేదు. సమాజాభివృద్ధి పథకాలు ఎందుకు జనంలోకి ఇంకడం లేదో చూడమని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీని వేశారు. ఊరి స్థాయిలో ఎన్నికైన, అధికారమూ డబ్బూ ఉన్న సంస్థ లేకుండా జనం పాలుపంచుకోరని కమిటీ తేల్చింది. 1959లో అక్టోబరు 2న రాజస్థాన్‌లో, 11న మన షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా కొత్త పంచాయతీరాజ్ మొదలైంది. పంచాయతీ సమితిలో ఇద్దరు మహిళలను కలుపుకోవాలని మెహతా కమిటీ చెప్పింది. కలుపుకోవడమంటే ఓట్లతో గెలవడం కాదు, మిగతావాళ్లు ఎంచుకుంటే కూర్చోవడం. ఎవరిని ఎంచుకునేవారో మీరే ఊహించుకోండి. దేశంలో స్త్రీల స్థితిగతులపై వేసిన కమిటీ 1974లో ఇది నామమాత్రంగానే మిగిలిందని రాసి, సొంత వనరులున్న మహిళా పంచాయతీలు కావాలని సిఫారసు చేసింది. మూడో వంతు సీట్లు రాజ్యాంగంలోకి వచ్చింది 1993లో. సగం సీట్లు మన దగ్గర ఆ తర్వాతి మాట.

మొదట్లో వేసిన ప్రశ్నకు వద్దాం. దుర్గాబాయమ్మ వేసిన దారిలో గ్రాంటు దయ కాదు. సంఘం ఒక పని చేస్తానంది, దానికి ప్రజల డబ్బులోంచి వాటా వచ్చింది, లెక్క చూపించింది. అక్కడితో బాకీ తీరింది. నోరు మూసుకుని ఉండటం ఆ లెక్కలో ఎక్కడా లేదు. పైగా గ్రామసభలో మనం సంఘం తరఫున అప్పు తీసుకున్నవాళ్లుగా కూర్చోవడం లేదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యురాలే, అది రాజ్యాంగం ఇచ్చిన చోటు. ఇప్పుడు మన సంఘాలు రాస్తున్న గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక పోవలసింది కూడా అక్కడికే, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కలవడానికి. ఆ కాగితం ఇచ్చి ఊరుకోకుండా మన పనుల్లో ఎన్ని తీర్మానంలోకి ఎక్కాయో చదివి వినిపించమని అడగాలి. లెక్క శుభ్రంగా ఉన్న సంఘం గొంతు అక్కడ గట్టిగానే వినపడుతుంది. పుస్తకాలు ఆరు నెలలుగా రాయని సంఘం గొంతు వణుకుతుంది, ఇది మేము చూస్తూనే ఉన్నాం.

దుర్గాబాయమ్మకు 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆంధ్ర మహిళా సభ అప్పటికే హైదరాబాదులో కూడా వేళ్లూనుకుంది. ఆమె 1981 మే 9న కన్నుమూశారు. మరుసటి ఏడు, 1982లో, డ్వాక్రా మొదలైంది. ఊళ్లో పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు ఒక గుంపుగా కూడితే, ఆ గుంపు పేరు మీదే రివాల్వింగ్ ఫండు.