నాటి శ్రీకృష్ణుడు, నేటి శకుని: సి.యస్.ఆర్. ఆంజనేయులు

బందరు శివారు చిలకలపూడి పేరు చెప్పగానే పాండురంగస్వామి ఆలయము, రోల్డుగోల్డు నగలు స్ఫురించును. ఆ యూరి పేరే ఇంటిపేరుగా గల మహానటుని మాత్రము మన విద్యార్థులు మరచుచున్నారు. ఆయన చిలకలపూడి సీతారామాంజనేయులు. లోకమునకు సి.యస్.ఆర్.

1907లో జన్మించిన ఆయన యౌవనకాలమున పద్యనాటకము ఉచ్చదశలో నుండెను. మైకులు లేని ఆ రోజులలో చివరి వరుసలో నేలపై కూర్చున్నవానికి సైతము పద్యము వినబడవలెను. ప్రేక్షకులు వన్స్‌మోర్ అనినచో మరల అందుకొనవలెను. పార్సీ నాటక సమాజముల హిందూస్థానీ బాణీలు ఆ రంగస్థలమునకు ఊపిరి పోసినవి. ఇచ్చట ఒక ముచ్చట చెప్పక తప్పదు. 1880ల నాడే మన బందరులో నాదెళ్ల పురుషోత్తమకవిగారు హిందూస్థానీ నాటకములను తెలుగు లిపిలో వ్రాసినారు. ఉర్దూ, తెలుగు రెండింటిని అక్కున చేర్చుకొన్న మన కళాశాలకు ఇది పరాయి విషయము కాదు.

సుస్వరము, స్ఫురద్రూపము గల సి.యస్.ఆర్.కు శ్రీకృష్ణ పాత్ర పేరు తెచ్చినది. 1936 నాటి 'ద్రౌపదీ వస్త్రాపహరణము' చిత్రమున కన్నాంబగారు ద్రౌపది కాగా ఈయన కృష్ణుడు. పిమ్మట తుకారాముడైనాడు. 1939లో పి. పుల్లయ్యగారి 'బాలాజీ'లో వేంకటేశ్వరుడైనాడు.

అంతలో కాలము తిరుగబడినది. నేపథ్యగానము వచ్చినది; నాయకునికి గొంతు అక్కరలేకపోయినది. పాటతో పైకి వచ్చిన నటులు పలువురు తెరమరుగైనారు. సి.యస్.ఆర్. వెనుదీయలేదు. 1946లో ఎల్.వి. ప్రసాద్‌గారి 'గృహప్రవేశము'లో దుష్టపాత్ర ధరించినారు. పద్యమునకు అలవడిన ఆ గొంతును మాటకు వంచినారు. ఒక్కొక్క పలుకును నొక్కుచు, విరుచుచు, తేలికగా వదలుచు పలికిన ఆ తీరు పద్యము నేర్పిన ఊపిరి పట్టు వలననే సిద్ధించినదని మా అభిప్రాయము. 'దేవదాసు'లో పార్వతిని చేపట్టిన వృద్ధ జమీందారు, 1955లో 'కన్యాశుల్కము'న రామప్పపంతులు, 'రోజులు మారాయి'లో జమీందారు: వీరు మువ్వురును ఒక్కరేయని నమ్ముట కష్టము.

ఇక 1957 నాటి 'మాయాబజార్'. కె.వి. రెడ్డిగారి దర్శకత్వము, మాటలు బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావుగారివి. కృష్ణుడు ఎన్.టి. రామారావుగారు. ఇరువది యొక్క సంవత్సరముల క్రిందట కిరీటము ధరించి ద్రౌపదికి అభయమిచ్చిన నటుడు ఇప్పుడు పాచికల శకుని! మరియొకనికి ఇది మనస్తాపమై యుండెడిది. ఆ శకునిలో చేదు లేదు, కేకలు లేవు. పెదవి మీద నవ్వు చెరగదు. నిండు సభలో సత్యపీఠమెక్కి తన కుట్రలన్నియు తానే వెళ్లగ్రక్కు ఘట్టమును చూడుడు. కపటియైనవాడు నిజము చెప్పక తప్పని స్థితిలో పడినప్పుడు హాస్యము, భయము రెండును ఒకే ముఖమున కనిపించవలెను. కనిపించినవి.

1961లో 'జగదేకవీరుని కథ'లో మంత్రి పాత్రతో పిల్లలను సైతము నవ్వించిన సి.యస్.ఆర్. 1963 అక్టోబరు 8వ తేదీన, 56 ఏండ్ల వయస్సున కన్నుమూసినారు.